వృద్ధదంపతుల వనయాత్ర

అరువదియేండ్లు దాటిన పిమ్మట ఇల్లు కుమారుల కప్పగించి భార్యాభర్తలు కలసి యాత్రకు బయలుదేరుట మన దేశమున చిరకాలముగా వచ్చుచున్న యాచారము. కాశికి పోవుదురు, రామేశ్వరమునకు పోవుదురు, ఓపిక గలవారు బదరీనాథము వరకును పోవుదురు. ఎచ్చటికి పోయినను త్రోవ యెరిగినవానిని, క్షేత్రమాహాత్మ్యము చెప్పగలవానిని ఒకనిని వెంట నుంచుకొందురు. అట్టివాడు లేనిచో గోపురము చూచి గర్భగుడి చూడక మరలివచ్చినట్లగును. నేడు పెక్కు దేశముల వృద్ధదంపతులు ఇదే రీతిని మరియొక విధమైన యాత్ర సేయుచున్నారు. వారు పోవునది దేవాలయములకు గాదు, ఉష్ణమండలపు మహారణ్యములకు. వారిని నడిపించువాడు ఆ యడవి యంచున పుట్టి పెరిగిన మార్గదర్శి. ఇట్టి యాత్రలకు మిక్కిలి పేరొందిన దేశము కోస్టారికా. ఆ దేశమును గూర్చియు, అచ్చటి జాతీయోద్యానములను గూర్చియు నేడు ముచ్చటింతము.

జాతీయోద్యాన మనగా పూలమొక్కలు నాటి కంచె కట్టిన తోట యని తలపరాదు. కొన్నివేల ఎకరముల అడవిని గాని, కొండను గాని, సముద్రతీరమును గాని ప్రభుత్వము చట్టముచే తనదిగా చేసికొని, అందు చెట్టు కొట్టుట, మృగమును చంపుట, నేల దున్నుట నిషేధించి, చూడవచ్చు వారికి మాత్రము కొన్ని త్రోవలు విడిచిన ప్రదేశమే జాతీయోద్యానము. ఇట్టివానిని గూర్చి వినగానే గ్రామవాసియైన పెద్దకు సహజముగా కలుగు సందేహములు మూడు. వయసు మీరినవారు ఆ యడవులలో ఎట్లు తిరుగగలరు? డబ్బిచ్చి మార్గదర్శిని పెట్టుకొనుట యేల? అన్నిటికంటె ముఖ్యమైనది, అడవిని కట్టుబాటు చేసిన పిమ్మట దాని చుట్టుపట్ల బ్రదుకు పల్లెలవారి గతి యేమి? ఈ మూడింటికిని సమాధానము చెప్పుటకు కోస్టారికా మంచి యుదాహరణము.

ఆ దేశము ఉత్తర దక్షిణ అమెరికా ఖండములను గలుపు సన్నని భూభాగమున నున్నది. దానికి ఉత్తరమున నికరాగువా, ఆగ్నేయమున పనామా, తూర్పున కరీబియను సముద్రము, పడమట పసిఫిక్ మహాసముద్రము. విస్తీర్ణము సుమారు 51,000 చదరపు కిలోమీటరులు, అనగా నేటి ఆంధ్రప్రదేశములో మూడవవంతునకు కొంచెము తక్కువ. జనసంఖ్య అరకోటికి కొంచెము మించును. మనకును వారికిని కాలభేదము పదునొకండున్నర గంటలు. మన యూరిలో కోడి కూయువేళకు అచ్చట ముందటి దినపు ప్రొద్దు గ్రుంకుచుండును. రాజధాని శాన్ హొసే నగరము మన కొచ్చి పట్టణమున్న అక్షాంశముననే యున్నను, సుమారు 3,800 అడుగుల యెత్తున నుండుటచే చల్లగా నుండును. 1948 డిసెంబరు 1వ తేదీన హొసే ఫిగెరెస్ నాయకత్వమునందలి ప్రభుత్వము సైన్యమును రద్దుచేసెను. 1949 నాటి రాజ్యాంగము దానిని స్థిరపరచెను. నాటినుండి నేటివరకు ఆ దేశమునకు సైన్యము లేదు.

దూరదేశమైనను అది మనకు బొత్తిగా పరాయిది గాదు. మన పెరటిలోని బొప్పాయి, జామ, సీతాఫలము, చేలోని మిరప, మొక్కజొన్న, పొలముగట్టు మీది సీమచింత, బాటప్రక్కన నీడనిచ్చు నిద్రగన్నేరు, గుడిముంగిట పూచు దేవగన్నేరు, ఇవి యన్నియు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములలో పుట్టి సముద్రము దాటి వచ్చినవే. అచ్చటికి పోయిన తెలుగువానికి నిద్రగన్నేరు చెట్టు ఎదురైనచో, మన యింటి కోడలి పుట్టినింటికి పోయినట్లుండును.

ఇక ఆ యడవుల చరిత్ర. ఇరువదవ శతాబ్దపు నడుమ కోస్టారికా దేశమున అడవిని నరకి పచ్చిక బయళ్ళు చేయుట గొప్ప పాటుగా నెంచబడెను. పశుమాంసమును విదేశములకు పంపిన చేతినిండ డబ్బు వచ్చుచుండెను. అడవిని కొట్టినవానికే నేలపై హక్కు బలపడుచుండెను. ఇట్లు 1980ల నడుమకు వచ్చుసరికి దేశములో అడవి సుమారు నాలుగవవంతునకు తగ్గిపోయెను. కొండలు బోడిపడిన పిమ్మట ఏరులలో మట్టి దిగుట, వేసవిలో ఊటలు ఎండుట మన ప్రాంతములలోను చూచినదే గదా.

ఈ నష్టమును ముందుగా గుర్తించినవారిలో భార్యాభర్తలు ఇద్దరు కలరు. భర్త ఓలోఫ్ వెస్బెర్గ్, స్వీడను దేశీయుడు. భార్య కారెన్ మోగెన్సెన్, డెన్మార్కు దేశీయురాలు. వారు 1955లో నికోయా ద్వీపకల్పమునందలి మాంటెసూమా యను తావున స్థిరపడి పండ్లతోటలు పెంచుకొనుచుండిరి. కన్నులయెదుట అడవి తరిగిపోవుట చూచి, పరదేశములకు జాబులు వ్రాసి చందాలు ప్రోగుచేసి, ద్వీపకల్పపు కొనయందున్న కాబో బ్లాంకో యడవిని రక్షింపుడని ప్రభుత్వమును వేడిరి. 1963లో ప్రభుత్వము సుమారు 1,200 హెక్టారుల ఆ యడవిని సంపూర్ణ రక్షితప్రదేశముగా ప్రకటించెను. 1975లో ఓలోఫ్ దక్షిణమున నున్న ఓసా ద్వీపకల్పపు అడవిని పరిశీలింప బోయి అచ్చట హత్యకు గురియయ్యెను. ఆ యేడే ఓసాలో కోర్కొవాదో జాతీయోద్యానము ఏర్పడినది. కారెన్ భర్తృవియోగమునకు క్రుంగిపోక, తుదివరకు, అనగా 1994 వరకు, ఆ పనిలోనే జీవించినది. నేడు ఇతర దేశములనుండి వచ్చు దంపతులు నడచు త్రోవలకు ముందుగా దారి వేసినవారిలో ఈ దంపతులను తప్పక చెప్పవలెను. 1970లో మారియో బోసా, ఆల్వారో ఉగాల్దె యను ఇరువురు యువకుల పూనికతో జాతీయోద్యానముల శాఖ పని యారంభించెను.

ఇప్పుడు యాత్రకు వత్తము. ఉద్యోగము విరమించిన, అరువదియైదు దాటిన భార్యాభర్తలు ఇద్దరు శాన్ హొసే నగరమున దిగిరని ఊహింతము. భర్తకు మోకాళ్ళ నొప్పి. భార్యకు నడక యలవాటు గాని మెట్లు పనికిరావు. ఇట్టివారిని పదునొకటి పండ్రెండు దినములలో నాలుగైదు ఉద్యానములు త్రిప్పి చూపుట అచ్చటి మార్గదర్శులకు నిత్యకృత్యము. వారి వెంట మనమును నడతము.

మొదటి మజిలీ కరీబియను తీరమునందలి టోర్టుగేరో. ఆ పేరునకు తాబేళ్ళతో సంబంధము కలదు. అచ్చటికి బండిబాట లేదు. కాలువల వెంట మోటారుపడవలో గాని, చిన్న విమానములో గాని పోవలెను. మోకాళ్ళ నొప్పి గలవానికి ఇదియొక వరము. పడవలో కూర్చుండియే అడవి చూడవచ్చును. మన కోస్తా జిల్లాలలో ఏడాదికి సుమారు 40 అంగుళముల వాన కురియగా, ఇచ్చట 200 అంగుళములకు మించి కురియును. నీటి యొడ్డున మొసలిజాతికి చెందిన కైమానులు కట్టెలవలె పడియుండును. కొమ్మల చివర స్లాత్ అను జంతువు వ్రేలాడుచుండును. స్పానిషు భాషలో దానిని సోమరి యను మాటతోనే పిలుతురు. అది ఆకులు తిని అతిమందముగా జీర్ణించుకొనును. వారమున కొకసారి మాత్రము మలవిసర్జనకై చెట్టు దిగును. దాని బొచ్చులో పచ్చని నాచు పెరుగుటచే ఆకులలో ఆకువలె కలసిపోవును. మార్గదర్శి మూడుకాళ్ళ కట్టెపై దూరదర్శిని నిలిపి చూపువరకు, ఎదుట నున్నను ఆ దంపతులకు అది కనబడలేదు. మార్గదర్శి యేల యను ప్రశ్నకు మొదటి సమాధాన మిదియే.

జూలైనుండి అక్టోబరు వరకు ఆ తీరమునకు పచ్చసముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. పశ్చిమార్ధగోళమున ఈ జాతికి ఇంతకంటె పెద్ద పురిటిల్లు లేదు. ఒకప్పుడు ఇచ్చటి పల్లెవారు, పరిసరపు వేటకాండ్రు ఒడ్డెక్కిన తాబేలును వెల్లకిల త్రిప్పి, మాంసమునకును, విదేశములలో సూపు కాచుటకును అమ్మెడివారు. 1950లలో ఆర్చీ కార్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు ఇచ్చటికి వచ్చి, తాబేళ్ళకు గుర్తుబిళ్ళలు కట్టి, అవి యెచ్చటికి పోవుచున్నవో, ఎన్నేండ్లకు మరలివచ్చుచున్నవో తెలిసికొన నారంభించెను. ఆయన కృషి ఫలితముగా తీరము రక్షింపబడి, 1975లో చట్టరీత్యా జాతీయోద్యానమయ్యెను.

రాత్రివేళ తాబేళ్ళను చూచుటకు అనుమతిగల మార్గదర్శి లేనిదే ఎవ్వరును ఇసుకలో అడుగిడరాదు. నల్లని వస్త్రములు ధరింపవలెను; ఛాయాచిత్రములు తీయరాదు; మార్గదర్శి చేత ఎఱ్ఱని చిన్నదీపము తప్ప వేరు వెలుగు ఉండరాదు. ఏలయనగా తెల్లని వెలుగు చూచిన తల్లి గ్రుడ్లు పెట్టకయే సముద్రమునకు మరలును. పిల్లలైనచో సముద్రపు మెఱుపనుకొని దీపమువైపు ప్రాకి చచ్చును. దంపతులు చీకటిలో నిశ్శబ్దముగా నిలిచి చూతురు. కిలోలు నూటికి మించిన బరువుగల ఆ తల్లి వెనుక రెక్కలతో కుండవంటి గుంట త్రవ్వి, నూరుకు పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పైనుండు గురుతులు చెరిపివేసి, అలసి అలసి నీటిలోనికి పోవును. దాదాపు రెండు నెలలకు పిల్లలు వెలువడును. ఇసుక వేడి ఎక్కువైన ఆడుపిల్లలు, తక్కువైన మగపిల్లలు పుట్టుట మరియొక వింత. కావుననే భూమి వేడెక్కినకొలది ఈ జాతిలో మగవాని సంఖ్య తగ్గునేమో యని పండితులు భయపడుచున్నారు.

రెండవ మజిలీ ఆరెనాల్ అగ్నిపర్వతము. శతాబ్దములపాటు నిద్రించి మామూలు కొండవలె నున్న ఈ పర్వతము 1968 జూలై 29వ తేదీన అకస్మాత్తుగా పేలి, క్రింది పల్లెలను కాల్చివేసెను. సుమారు ఎనుబది మంది చనిపోయిరి. పిదప 2010 వరకు అది నిప్పులు క్రక్కుచునే యుండి, నాటినుండి విశ్రాంతిగా నున్నది. ఆ దంపతులు నల్లని రాళ్ళపై మరల మొలచిన చెట్లను చూచుచు మెల్లగా నడతురు. ముందు నాచు, పిదప గడ్డి, పిదప పొదలు, చివరకు పెద్దచెట్లు. వట్టిరాయి అడవియగు క్రమమంతయు ఒక మైలుదూరములో కనబడును. కొండ క్రిందనున్న గొప్ప చెరువు సహజమైన చిన్నమడుగే గాని, 1979లో ఆనకట్ట కట్టి దానిని విస్తరింపజేసిరి. ఆ నీరు మూడు విద్యుత్కేంద్రములను త్రిప్పి, పిదప పడమటనున్న గువానాకాస్తె ప్రాంతమున వరి, చెరకు పొలములకు పారును. మాగాణి సేద్యము తెలిసిన మన పెద్దలకు ఇందలి మర్మము విడమరచి చెప్పనక్కరలేదు. పైనున్న యడవి పోయినచో చెరువున పూడిక చేరును. చెరువు పూడినచో దీపమును ఆరును, పొలమును ఎండును.

మూడవ మజిలీ మాంటెవెర్దే. ఇది ప్రభుత్వపు జాతీయోద్యానము గాదు. ప్రజలే కాపాడుకొనుచున్న యడవి. దీని కథ విచిత్రమైనది. అమెరికాలోని అలబామా రాష్ట్రమున క్వేకరులను శాంతివ్రతులైన క్రైస్తవులు కొందరు కలరు. వారిలో నలుగురు యువకులు సైన్యమున పేరు నమోదు చేసికొనుట కొల్లక చెరసాలకు పోయిరి. సైన్యమును రద్దుచేసిన దేశమొకటి కలదని విని, వారును, వారి బంధుకుటుంబములును 1951లో ఇచ్చటికి వలసవచ్చి, పాడి పెట్టుకొని జున్నుగడ్డల వ్యాపారము సాగించిరి. తమ యేటికి నీరిచ్చు పైయడవిని మాత్రము కొట్టక విడిచిరి. 1972లో ఆ ప్రాంతము రక్షితవనమయ్యెను. 1987లో స్వీడనులోని బడిపిల్లలు పోగుచేసిన చిల్లరడబ్బుతో ప్రక్కనే మరియొక యడవిని కొనుట యారంభించిరి. దానిని నేటికిని పిల్లల యడవి యనియే పిలుతురు.

సుమారు 5,000 అడుగుల యెత్తున నుండు ఈ వనమును మేఘవన మందురు. వాన లేనప్పుడును మేఘము చెట్లలో చిక్కి, ఆకులనుండి బొట్లుబొట్లుగా రాలుచుండును. ఆ తేమచే ప్రతికొమ్మపైనను నాచు, సీతమ్మవారి జడవంటి తీగలు, నూరువన్నెల పూలు పెనవేసికొనియుండును. ఇచ్చట కెట్సాల్ అను పక్షి కలదు. మగపక్షి పచ్చని తోక రెండడుగులకు మించి వ్రేలాడును. అది అడవియవకాడో పండ్లు మ్రింగి, గింజలను దూరముగా ఉమియుచు ఆ చెట్లను తానే నాటుచుండును. అడవిపైనుండి పోవు త్రాటివంతెనల మీద నడచినచో వృద్ధులు చెట్టెక్కకయే చెట్టుకొన చూడగలరు. కాని తల తిరుగువారు వానిని ఎక్కరాదు.

ఈ వనముననే బంగారువన్నె కప్ప యొకటి యుండెడిది. లోకమున మరి యెచ్చటను లేదు. 1989 తరువాత దానిని ఎవ్వరును చూడలేదు. 2004లో అది నశించిన జాతియని ప్రకటించిరి. చెట్టు కొట్టినవాడు లేడు, కప్పను చంపినవాడు లేడు. అయినను అది పోయినది. కప్పల చర్మమునకు సోకు ఒక బూజుతెగులును, వాతావరణమునందలి మార్పును కారణములుగా శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మేఘము తాకని పొడిదినములు ఆ కొండపై నానాటికి హెచ్చుచున్నవి. కంచె కట్టినంతమాత్రమున అడవి రక్షింపబడునను భ్రమ ఇచ్చట తొలగిపోవును. ఎచ్చటనో కాల్చిన బొగ్గుపొగ ఈ కొండమీది మేఘమును పైకి త్రోయుచున్నది.

త్రోవలో మార్గదర్శి వంగి నేల చూపును. ఆకుతునకలను గొడుగులవలె పట్టుకొని చీమలబారు పోవుచుండును. ఈ చీమలు ఆకును తినవు. పుట్టలోనికి గొనిపోయి నమలి, ఎరువుచేసి, దానిపై ఒకవిధమైన బూజును పండించుకొని తినును. ఇది నిజమైన వ్యవసాయము. మన చేలలోని చెదపురుగులు కొన్ని ఇట్లే పుట్టలలో బూజు పండించును. తొలకరి వానలకు పుట్టలపై లేచు పుట్టగొడుగులు ఆ పంటయొక్క పూవులే. లోకములో మొదటి కృషీవలుడు మనుష్యుడు గాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

పిదప దంపతులు పసిఫిక్ తీరమునకు దిగుదురు. అచ్చటి మాన్యుయెల్ ఆంటోనియో ఉద్యానము 1972లో ఏర్పడినది. చిన్నదేగాని జనసమ్మర్ద మధికము. సమతలమైన బాటలుండుటచే వృద్ధులకు అనుకూలము. ఆదరణ యెక్కువగుటయే దానికి కష్టమైనది. చూడవచ్చినవారు కోతులకు తినుబండారములు పెట్టి వానిని దొంగలను చేసిరి. అందుచే నేడు దినమున కింతమందియని లెక్క పెట్టి పంపుచున్నారు. వారమున కొకదినము మూసియుంచి మృగములకు విశ్రాంతి నిచ్చుచున్నారు. సంచులలో తిండి తెచ్చుటపై కఠినమైన నిబంధనలు పెట్టిరి. మన కొండక్షేత్రములలో కోతులు భక్తులచేతినుండి ప్రసాదము లాగుకొనుట చూచిన వారికి ఈ నియమముల యవసరము తెలియును.

ఓపిక మిగిలినచో తుదిమజిలీ కోర్కొవాదో. డ్రేక్ అఖాతమునుండి గంటకు పైగా పడవలో పోయి, మోకాలిలోతు నీటిలో దిగి ఒడ్డు చేరవలెను. 2014 నుండి మార్గదర్శి లేనిదే ఎవ్వరును లోనికి పోరాదు. ఎఱ్ఱని మకావ్ చిలుకలు జంటజంటలుగా ఎగురుచుండును. తెల్లవారుజామున అరచుకోతుల కేక మైళ్ళదూరము వినబడును. పొట్టితొండముగల టేపిర్ అను జంతువు బురదలో పడుకొనియుండును. ఎండుటాకులలో ఆకురంగున చుట్టచుట్టుకొనియుండు ఘోరమైన రక్తపింజర జాతి పామును చూపి, మార్గదర్శి యాత్రికులను దూరముగా నడిపించును. పాముకాటునకు విరుగుడు మందు శాన్ హొసేలోని విశ్వవిద్యాలయమునకు చెందిన క్లొడొమీరో పికాదో సంస్థవారు స్వదేశముననే తయారుచేయుచున్నారు. అయినను కాటుపడి మందు వెదకుటకంటె, ముందే చూచి తొలగుట మేలు. మార్గదర్శి యేల యనుటకు ఇది రెండవ సమాధానము.

వయసు మీరినవారికి ఇచ్చట కొన్ని మాటలు చెప్పవలెను. అడవి చూచుటకు వేగము అక్కరలేదు. తొందరగా నడచు యువకుడు త్రోవను మాత్రమే చూచును. పదియడుగుల కొకసారి నిలుచు వృద్ధుడు అడవిని చూచును. చేతికఱ్ఱ, జారని చెప్పులు, వానకోటు, దోమలమందు, నిత్యము పుచ్చుకొను మందులు తనయొద్దనే యుండవలెను. పెట్టెలో పెట్టి బండిపై వేయరాదు. దినమునకు ఒక నడక చాలును, మధ్యాహ్నము విశ్రమింపవలెను. డిసెంబరునుండి ఏప్రిలు వరకు పసిఫిక్ వైపున వానలు తక్కువ. కరీబియను వైపున వాన లేని ఋతువని లేదు. భార్యాభర్తలలో ఒకరు నడువలేనప్పుడు, రెండవవారు నడచివచ్చి చెప్పుటకంటె, ఇద్దరును పడవలో పోదగిన చోటు చూపుమని మార్గదర్శి నడుగుట మేలు. మంచి మార్గదర్శి ఎదుటివాని యడుగును చూచి తన యడుగు వేయును.

ఇక మూడవ ప్రశ్న. పల్లెల గతి యేమి? అడవిని మూసిన దినమున పల్లెవాడు నష్టపోయిన మాట నిజము. కోర్కొవాదోలో బంగారుమన్ను కడిగి బ్రదుకువారిని 1986లో ప్రభుత్వము వెలుపలికి పంపివేసెను. వారు నష్టపరిహారమునకై పోరాడవలసివచ్చెను. వేట విడిచినవానికి, చేను విడిచినవానికి, మరునాడు అన్నమెట్లు? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పకయే కట్టిన కంచె యేదియు నిలువదు. కోస్టారికా ప్రభుత్వము క్రమముగా ఈ సత్యమును గ్రహించినది. 1996లో చేసిన అటవీచట్టము ప్రకారము అడవిని ఇతరభూమిగా మార్చుట నిషేధమయ్యెను. అంతటితో నిలువక, తన సొంతనేలలో అడవిని నిలిపిన రైతుకు సర్కారు పైక మిచ్చుట యారంభించెను. ఆ పైకము చాలవరకు పెట్రోలు మొదలగు ఇంధనములపై పన్నునుండి వచ్చును. పొగ విడుచువాడు చెట్టు కాచువానికి కూలి యిచ్చుచున్నాడన్నమాట. నేడు దేశములో సగమునకు పైగా అడవియున్నది. తరిగినయడవి తిరిగివచ్చుట లోకమున అరుదు.

టోర్టుగేరోలో తాబేళ్ళను వెల్లకిల త్రిప్పినవారి ఊరిలోనే నేడు మార్గదర్శులు, పడవవారు, పూటకూళ్ళవారు తాబేళ్ళవలన బ్రదుకుచున్నారు. చంపిన తాబేలు ఒక్కసారి డబ్బిచ్చును. బ్రదికిన తాబేలు ఏటేట ఇచ్చును. పసిఫిక్ తీరమున ఒస్తియోనాల్ అను గ్రామమున మరియొక పద్ధతి కలదు. అచ్చటికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొలదిగా ఒక్కసారి వచ్చి గ్రుడ్లు పెట్టును. ముందువచ్చినవి పెట్టిన గ్రుడ్లను వెనుకవచ్చినవి త్రవ్వి పాడుచేయును. ఎట్లును చెడిపోవు ఆ తొలినాటి గ్రుడ్లను కొన్నిగంటలపాటు ఏరుకొనుటకు గ్రామస్థులకు 1980లనుండి అనుమతి కలదు. ప్రతిఫలముగా వారు తీరమును శుభ్రపరచి, పిల్లలు వెలువడునప్పుడు కుక్కలనుండియు, పక్షులనుండియు కాపాడవలెను. హక్కును, బాధ్యతను ఒకే చేతికిచ్చిన యేర్పాటిది.

అయితే యాత్రికునిపై ఆధారపడుటయందును అపాయము కలదు. 2020లో కోవిడు వ్యాధి వ్యాపించినప్పుడు ఆ దేశము సరిహద్దులు మూసెను. యాత్రికులు రాకపోవుటచే మార్గదర్శులు, పడవవారు కొన్నినెలలు పనిలేక బాధపడిరి. ఒకే పంటపై ఊరంతయు ఆధారపడినప్పుడు ఒక్క తెగులు చాలునని రైతు లెరిగినదే. యాత్రికుడును ఒక పంటవంటివాడే. కావున చేనును విడువక, అడవిని విడువక, యాత్రికుని మూడవ ఆధారముగా నుంచుకొన్న ఊళ్ళు గట్టిగా నిలిచినవి.

మన తీరమునకును అదే ఆలివ్ రిడ్లీ తాబేలు వచ్చును. శ్రీకాకుళమునుండి కృష్ణాజిల్లా వరకు, ఇంకను దక్షిణమునకును, చలికాలము చివరను వేసవి మొదటను రాత్రులందు అది ఇసుక కెక్కును. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టముచే దానిని చంపుట నేరము. అటవీశాఖవారు తీరగ్రామముల యువకులచే గ్రుడ్లను ఏరించి, కంచెలలో పొదిగించి, పిల్లలను సముద్రమున విడిపించుచున్నారు. గోదావరిపై పాపికొండలు 2008లో జాతీయోద్యానమైనవి. నల్లమలలో పులుల జాడ కనిపెట్టు పనిలో చెంచులు అటవీశాఖకు కన్నులై యున్నారు. అడవిని చదువుటలో వారిని మించిన పండితులు లేరు. వారి విద్యకు తగిన కూలి, తగిన గౌరవము దొరకినప్పుడే ఆ విద్య వారి మనుమలకు దిగును.

కాబట్టి పెద్దలకు నా మనవి యొక్కటి. కోస్టారికాకు పోనక్కరలేదు. ఈ యేడు పిల్లలకు బడి సెలవు లిచ్చినప్పుడు ఇల్లాలిని, మనుమలను వెంటబెట్టుకొని మీ జిల్లాలోని యడవికి గాని, సముద్రపుటొడ్డునకు గాని ఒకదినము పొండు. అటవీశాఖవారి యనుమతితో ఆ చోటనే పుట్టిపెరిగిన వానిని ఒకనిని మార్గదర్శిగా పిలిచి, బేరమాడక కూలి యిచ్చి, అతడు చెప్పునది పిల్లలచే వినిపింపుడు. ఏ చెట్టు ఎప్పుడు పూచునో, ఏ వాగు ఏ నెలలో ఎండునో, ఏ పిట్ట వచ్చుట మానినదో అతని నడుగుడు. ఆ మాటలను మనుమలచే ఒక పుస్తకమున వ్రాయించి, ఊరి గ్రంథాలయమున నుంచుడు. పదియేండ్ల తరువాత ఆ వాగు నీటికొరకు ఊరిలో తగవు వచ్చినప్పుడు, పంచాయతీలో చదివి చూపుటకు ఆ పుస్తకము పనికివచ్చును.